సిమ్యులేషన్‌ను మధ్యలో సేవ్ చేసి మళ్లీ మొదలుపెడితే లెక్క మారిపోతోంది, ఎందుకు?

మెట్రోమోడల్:

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒకే చోట ఆగిపోయాను. వివరాలు లేకుండా అడిగితే మీ టైమ్ వృథా అవుతుందని అన్నీ రాస్తున్నాను, కాస్త ఓపికగా చదవండి.

నాది ఎంటెక్ ట్రాన్స్‌పోర్టేషన్, రెండో ఏడాది. ప్రాజెక్ట్ అమీర్‌పేట మెట్రో స్టేషన్ మీద. మియాపూర్–ఎల్బీ నగర్ రెడ్ లైన్, నాగోల్–రాయదుర్గం బ్లూ లైన్ అక్కడే కలుస్తాయి కదా. ఒక లైన్‌లో దిగి ఇంకో లైన్ ఎక్కేవాళ్ల రద్దీని పైథాన్‌లో సిమ్యులేట్ చేస్తున్నాను. ప్రతి ప్రయాణికుడూ ఒక ఆబ్జెక్ట్, అంటే తన వివరాలన్నీ ఒకచోట ఉన్న డేటా ముద్ద. రైళ్లు, మెట్లు, ఎస్కలేటర్లు, ప్లాట్‌ఫామ్‌లు కూడా ఆబ్జెక్టులే. ఇక ముందు జరగాల్సినవన్నీ టైమ్ ప్రకారం ఒక ఈవెంట్ క్యూలో ఉంటాయి. వారం రోజుల రద్దీ నడపాలంటే నా లాప్‌టాప్‌కి తొమ్మిది గంటలు పడుతుంది.

పోయిన వారం రాత్రి వాన పడి మల్కాజ్‌గిరిలో మా వీధికి కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టర్ లేదు, లాప్‌టాప్ బ్యాటరీ అరగంట కూడా ఆగదు. ఏడు గంటలు నడిచిన రన్ మొత్తం పోయింది. గైడ్‌కి చూపించాల్సిన రోజు దగ్గరపడుతోంది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున లేచి గంటకోసారి ఆబ్జెక్టులన్నీ ఫైల్‌లో దాచి, కావాలన్నప్పుడు అక్కడి నుంచే మొదలయ్యేలా చేద్దామనుకున్నాను.

మొదట్లో ప్రోగ్రామ్ సిమ్‌పై అనే పైథాన్ సిమ్యులేషన్ లైబ్రరీలో ఉండేది. అందులో ప్రయాణికుడి నడకంతా మధ్యలో ఆగి మళ్లీ అక్కడి నుంచే సాగే ఒక జనరేటర్ ఫంక్షన్. పికిల్ (పైథాన్ ఆబ్జెక్టులను ఫైల్‌లో దాచే పద్ధతి) చేయబోతే జనరేటర్ ఆబ్జెక్టును పికిల్ చేయడం కుదరదని ఎర్రర్ వచ్చింది. దాంతో సిమ్‌పై వదిలేసి హీప్‌క్యూతో (టైమ్ ముందున్నదాన్ని ముందు ఇచ్చే పైథాన్ మాడ్యూల్) నా సొంత ఈవెంట్ లూప్ రాసుకున్నాను. ఇప్పుడు ప్రతి ప్రయాణికుడిలో 'దశ' అని ఒక ఫీల్డ్ ఉంటుంది: మెట్ల మీద, ప్లాట్‌ఫామ్ మీద, రైల్లో. దీనికి రెండు రోజులు పట్టింది.

సేవ్ చేసేటప్పుడు మూడు ఫైళ్లు రాస్తున్నాను. ప్రయాణికుల లిస్ట్ ఒకటి, స్టేషన్లూ రైళ్లూ ఒకటి, ఈవెంట్ క్యూ ఒకటి. రాండమ్ నంబర్ల స్థితి కూడా గెట్‌స్టేట్‌తో తీసి దాస్తున్నాను. రీస్టోర్ చేస్తే ఒక్క ఎర్రర్ కూడా రాదు. కానీ లెక్క తప్పుతోంది.

ఉదాహరణకి పొద్దున 9:00 దగ్గర సేవ్ చేశాను. అప్పుడు రాయదుర్గం వైపు ప్లాట్‌ఫామ్ మీద 212 మంది ఉన్నారు. రీస్టోర్ చేసి నడిపితే ఎన్ని రైళ్లు వచ్చి వెళ్లినా ఆ సంఖ్య 212 కంటే కిందికి దిగదు. మధ్యాహ్నం రెండింటికి, రద్దీ ఏమీ లేని టైమ్‌లో కూడా 212కి పైనే.

ఒక ప్రయాణికుణ్ని పట్టుకుని చూశాను, నంబర్ 18442. 9:02కి రైలెక్కినట్టు లాగ్‌లో ఉంది. పదింటికి ప్లాట్‌ఫామ్‌ను ప్రింట్ చేస్తే అక్కడే నిలబడి ఉన్నాడు. ఒకే మనిషి రైల్లోనూ ఉన్నాడు, ప్లాట్‌ఫామ్ మీదా ఉన్నాడు. ఇంకోటి, 9:00 తర్వాత వచ్చే కొత్త ప్రయాణికులకు నంబర్లు మళ్లీ 1, 2, 3 అని మొదలవుతున్నాయి.

కోడ్ ఎన్నిసార్లు చదివినా తప్పు కనిపించడం లేదు. ఎక్కడ వెతకాలో చెప్పండి, ప్లీజ్.


కూకట్‌పల్లి_కోడర్:

లక్షణాలు ఇంత స్పష్టంగా రాసినందుకు థాంక్స్ అండీ, సగం పని మీరే చేసేశారు. 212 కంటే కిందికి దిగదన్న మాట దగ్గరే జబ్బు దొరికిపోయింది.

మీ 18442 ఇప్పుడు నిజంగానే ఇద్దరు, ముగ్గురు అయ్యాడు. ఒక్కసారి డంప్ చేస్తే, అంటే ఫైల్‌లో రాస్తే, ఆ ఒక్క డంప్ లోపల ఒకే ఆబ్జెక్ట్ పది చోట్ల ఉన్నా పికిల్ దాన్ని ఒక్కసారే రాసి మిగతా తొమ్మిది చోట్లా గుర్తు పెట్టుకుంటుంది. తిరిగి తెరిస్తే ఆ పది చోట్లా మళ్లీ ఒకే మనిషి వస్తాడు. మీరు మూడు వేర్వేరు ఫైళ్లు రాశారు. ఒక ఫైల్‌కి ఇంకో ఫైల్ సంగతి తెలియదు. కాబట్టి ప్రయాణికుల ఫైల్‌లో ఒక 18442, స్టేషన్ల ఫైల్‌లో ప్లాట్‌ఫామ్ మీద ఇంకో 18442, ఈవెంట్ క్యూలో మరో 18442 తయారయ్యారు. ముగ్గురికీ పేరూ నంబరూ ఒకటే, మెమరీలో మాత్రం ఎవరి చోటు వాళ్లది. క్యూలో ఉన్నవాడు రైలెక్కాడు. ప్లాట్‌ఫామ్ మీద ఉన్నవాడి దగ్గరికి ఆ కబురు అందలేదు. సేవ్ చేసేటప్పటికి నిలబడి ఉన్న 212 మందీ ఇలాగే మిగిలిపోయారు.

ఒక్కటి ఊహిస్తున్నాను. ప్లాట్‌ఫామ్‌ను మీరు సెట్‌గా (వరసంటూ లేని గుంపుగా) పెట్టుకుని, రైలెక్కినప్పుడు డిస్కార్డ్‌తో తీసేస్తున్నారు, అవునా? డిస్కార్డ్ అయితే మనిషి అక్కడ లేకపోయినా ఏమీ అనకుండా ఊరుకుంటుంది. అదే రిమూవ్ వాడి ఉంటే రీస్టోర్ అయిన మొదటి నిమిషంలోనే ఎర్రర్ వచ్చి మిమ్మల్ని ఆపేది. సిమ్యులేషన్‌లో తప్పు నోరు విప్పి చెప్పాలి. చప్పుడు చేయకుండా దాటిపోయే పద్ధతులు వాడొద్దు.

నంబర్లు ఒకటి నుంచి మొదలవడానికి కారణం వేరు. ఆ కౌంటర్ క్లాస్ మీద, అంటే ఆబ్జెక్టులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న అచ్చు మీద, పెట్టిన వేరియబుల్ అయి ఉంటుంది. పికిల్ ఆబ్జెక్ట్ లోపలి విలువలు మాత్రమే దాస్తుంది. క్లాస్‌ను పేరుతో గుర్తు పెట్టుకుంటుందే తప్ప దాని మీదున్న విలువలను దాచదు. మాడ్యూల్‌లో గ్లోబల్‌గా ఉన్నవాటిదీ అదే కథ. ఒకే టైమ్‌కి రెండు ఈవెంట్లు పడితే ఏది ముందో తేల్చడానికి హీప్‌లో వరస నంబర్ వేస్తుంటారు కదా, అది కూడా గ్లోబల్‌లోనే ఉంటే రీస్టోర్ తర్వాత సున్నా నుంచి మొదలై, కొత్త ఈవెంట్లు పాతవాటి ముందుకు దూరతాయి. దాన్నీ చూసుకోండి.

మందు ఒకటే. 'ప్రపంచం' అని ఒక ఆబ్జెక్ట్ పెట్టుకోండి. ప్రయాణికులు, స్టేషన్లు, క్యూ, ఇప్పటి టైమ్, కౌంటర్లు, రాండమ్ స్థితి అన్నీ దాని లోపలే ఉండాలి. ఒకే డంప్, ఒకే ఫైల్. దాని బయట సిమ్యులేషన్‌కి సంబంధించిన ఒక్క విలువ కూడా ఉండకూడదు.

ఇవన్నీ చేసే ముందు ఒక్క పని చేయండి. సేవ్ సంగతి పక్కన పెట్టి, ఒకే సీడ్‌తో (రాండమ్ నంబర్లను మొదలుపెట్టే సంఖ్య) ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి రెండుసార్లు తిన్నగా నడిపి, రెండు లాగ్‌లూ వరస వరసా కలుస్తున్నాయో లేదో చూసి చెప్పండి.


నల్లకుంట_కుర్రాడు:

అక్కా, ఇంత కష్టం ఎందుకు? మొత్తం సిమ్యులేషన్‌ను ఒక వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) నడిపి, గంటకోసారి స్నాప్‌షాట్ తీసుకుంటే అయిపోతుంది కదా. లైనక్స్‌లో అయితే సీఆర్ఐయూ ఉంది, నడుస్తున్న ప్రాసెస్‌ను ఉన్నదున్నట్టు డిస్క్‌లోకి దించి మళ్లీ లేపుతుంది. అలా చేస్తే జనరేటర్లు కూడా బతుకుతాయి, మీరు సిమ్‌పై వదలాల్సిన అవసరమే ఉండేది కాదు.


కూకట్‌పల్లి_కోడర్:

కరెంటు పోవడం ఒక్కటే బాధ అయితే నువ్వు చెప్పింది మంచి దారే తమ్ముడూ. స్నాప్‌షాట్‌కి ఆబ్జెక్టుల సంగతే అక్కర్లేదు, మెమరీ మొత్తం తీసుకుంటుంది. కానీ అది మూత పెట్టిన డబ్బా. రేపు ఎస్కలేటర్ కోడ్‌లో ఒక లైన్ మార్చి అదే 9:00 దగ్గర నుంచి నడపాలంటే కుదరదు, పాత కోడ్ కూడా ఆ మెమరీలోనే ఉంటుంది. వేరే మెషీన్ మీదికి తీసుకెళ్లాలన్నా ఇబ్బందే. ఆవిడకి రీసెర్చ్ కాబట్టి డబ్బా తెరిచి చూసే అవసరం ఉంటుంది.


మెట్రోమోడల్:

కూకట్‌పల్లి_కోడర్ గారూ, మీరు ఊహించినవన్నీ నిజం. ప్లాట్‌ఫామ్ సెట్టే, తీసేది డిస్కార్డే. దాన్ని రిమూవ్‌గా మార్చి రీస్టోర్ చేస్తే రెండో ఈవెంట్‌కే కీఎర్రర్ వచ్చి ఆగిపోయింది. నాలుగు రోజులు వెతికిన తప్పు ఒక్క పదం మార్చగానే బయటపడింది. కౌంటర్ కూడా మీరన్నట్టు క్లాస్ మీదే ఉంది, వరస నంబర్ గ్లోబల్.

ఇప్పుడు అంతా ఒకే 'ప్రపంచం'లో పెట్టాను. 212 సమస్య పోయింది, నంబర్లు సరిగ్గా కొనసాగుతున్నాయి.

కానీ మీరు అడిగిన పరీక్ష చేసి భయపడ్డాను. సేవ్ లేదు, రీస్టోర్ లేదు, ఒకే సీడ్. మొదటి నుంచి రెండుసార్లు నడిపితే 7:41 దాకా లాగ్‌లు కలిశాయి, అక్కడి నుంచి విడిపోయాయి. రోజు మొత్తం లెక్కలు మాత్రం రెండింటిలోనూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. అందుకే ఇన్నాళ్లూ నేను గమనించలేదు. అంటే నా సిమ్యులేషన్ ఎప్పుడూ ఒకేలా నడవలేదన్నమాట. ఆరు నెలల పని ఇది. 7:41కి ఏముందో చూస్తే మామూలుగా ఒక రైలు వచ్చింది, అంతే. రాండమ్ సీడ్ వేశాక కూడా ఇలా ఎలా జరుగుతుంది?


కూకట్‌పల్లి_కోడర్:

భయపడకండి, ఇది కూడా ఆ సెట్ పనే. రైలు రాగానే ప్లాట్‌ఫామ్ మీదున్న అందర్నీ ఒక లూప్‌లో తిప్పి, ఒక్కొక్కరికీ రాండమ్‌గా ఒక తలుపు ఎంచుతున్నారనుకుంటున్నాను. ఆబ్జెక్టులకు మీరు హ్యాష్ రాయకపోతే పైథాన్ వాటి మెమరీ అడ్రస్ మీదే హ్యాష్ (సెట్‌లో చోటు తేల్చే సంఖ్య) కడుతుంది. ప్రోగ్రామ్ నడిపిన ప్రతిసారీ అడ్రస్‌లు మారవచ్చు, దాంతో సెట్ లోపలి వరస మారుతుంది. రాండమ్ నంబర్లు అవే వస్తాయి, కానీ వేరే వేరే మనుషుల చేతికి వెళ్తాయి. మూడో నంబర్ మొన్న 18442కి అందింది, ఇవాళ పక్కవాడికి అందింది. మొదట్లో ప్లాట్‌ఫామ్ మీద జనం తక్కువ ఉన్నప్పుడు వరస కలిసొచ్చి ఉంటుంది, 7:41కి జనం పెరిగేసరికి తప్పింది.

సెట్ తీసేసి డిక్షనరీ (కీ ఇస్తే దాని విలువ తెచ్చే పట్టిక) పెట్టండి, ప్రయాణికుడి నంబరే కీ. పైథాన్ 3.7 నుంచి డిక్షనరీ, పెట్టిన వరసలోనే ఉంటుందని హామీ ఉంది, పికిల్ చేసి తెరిచినా ఆ వరస పోదు. స్ట్రింగ్‌ల సెట్ ఎక్కడైనా ఉంటే అదీ చూడండి. 3.3 నుంచి స్ట్రింగ్‌ల హ్యాష్ కూడా ప్రతి రన్‌కీ మారుతుంది.

రాండమ్ విషయంలో ఇంకో మాట. పైథాన్ రాండమ్ మాడ్యూల్ నడిచేది మెర్సెన్ ట్విస్టర్ మీద. దాని లోపల 624 సంఖ్యలు, వాటిలో ఎక్కడిదాకా వచ్చామో చెప్పే ఒక స్థానం ఉంటాయి. గెట్‌స్టేట్ వాటినే ఇస్తుంది. సేవ్ చేసేటప్పుడు మొదటి సీడ్ దాచి, రీస్టోర్‌లో మళ్లీ అదే సీడ్ వేసేవాళ్లను చాలామందిని చూశాను. అలా చేస్తే తొమ్మిదింటి ప్రయాణికులకు ఆరింటి నంబర్లు వస్తాయి. మీరు ఆ పొరపాటు చేయలేదు. కానీ నడక వేగానికి నంపై లైబ్రరీ ఏమైనా వాడుతున్నారా? దాని స్థితి వేరు, దాన్ని విడిగా దాచాలి.


ఫోర్‌ట్రాన్_రోజులు:

అమ్మా, నేను ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర ఉంటాను, రిటైరై చాలా ఏళ్లయింది. మీ సంభాషణ చదువుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

మా రోజుల్లో ఫోర్‌ట్రాన్ భాషలో సిమ్యులేషన్ రాసేవాళ్లం. ఆబ్జెక్టులు లేవు, మేం వాడిన ఫోర్‌ట్రాన్‌లో పాయింటర్లూ లేవు. మనిషంటే ఒక నంబర్. వేగం ఒక అర్రేలో, దశ ఇంకో అర్రేలో, 18442వ గడిలో అతని వివరం. అర్రేలన్నీ ప్రోగ్రామ్ అంతటికీ ఉమ్మడిగా ఉండే కామన్ బ్లాకుల్లో ఉండేవి. స్థితి దాచడమంటే ఆ బ్లాకులను వరసగా టేప్ మీద రాయడం, తిరిగి తెరవడమంటే అదే వరసలో చదవడం. ఒక మనిషి ఇద్దరయ్యే అవకాశమే లేదు, ఎందుకంటే ఎక్కడ చూసినా ఉన్నది అతని నంబరే.

ఆబ్జెక్టులు వద్దని నేను అనను. అసలు క్లాస్, ఆబ్జెక్ట్ అన్న ఆలోచన పుట్టిందే సిమ్యులేషన్ కోసం. ఓస్లోలో డాల్, నైగార్డ్ సిమ్యులా 67 భాషను చేసింది ఇలాంటి క్యూలు, యంత్రాలు, మనుషులను ప్రోగ్రామ్‌లో పెట్టడానికే. నీ పని ఆ దారిలోదే. అయితే ఆ పాత పద్ధతిలోంచి ఒక్కటి తీసుకో. ఈవెంట్ క్యూలో ప్రయాణికుణ్ని పెట్టకు, అతని నంబర్ పెట్టు. ప్లాట్‌ఫామ్‌లో కూడా నంబరే. అసలు మనిషి ఒక్క చోటే, ఆ ప్రయాణికుల డిక్షనరీలోనే ఉండాలి. రేపు ఫైళ్లు మూడు చేసినా, ముప్పై చేసినా బంధాలు తెగవు. ఫైల్ తెరిచి కంటితో చదవాలన్నా నంబర్లయితే అర్థమవుతాయి.

ఇంకో రెండు జాగ్రత్తలు, మేం దెబ్బలు తిని నేర్చుకున్నవి. సేవ్ చేయడాన్ని ఒక ఈవెంట్‌గా క్యూలో వేయకు. అలా వేస్తే, ఆ ఈవెంట్ క్యూలోంచి బయటికి వచ్చాక స్థితి రాస్తావు, తర్వాతి సేవ్ ఈవెంట్ అప్పటికి ఇంకా క్యూలోకి వెళ్లి ఉండదు. రీస్టోర్ చేసిన రన్ ఇక ఎప్పటికీ సేవ్ చేయదు, నీకు ఆ సంగతి రెండోసారి కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది. ఒక ఈవెంట్ పూర్తిగా ముగిసి రెండోది మొదలయ్యే ముందు, క్యూతో సంబంధం లేకుండా గడియారం చూసి సేవ్ చెయ్యి.

రెండోది, పాత ఫైల్ మీదే కొత్తది రాయకు. రాస్తుండగా కరెంటు పోతే పాతదీ పోతుంది, కొత్తదీ ఉండదు. వేరే పేరుతో రాసి, అది డిస్క్ మీదికి పూర్తిగా చేరిందని తేలాక పేరు మార్చు. కిందటిది ఒకటి పక్కన ఉంచు. ఫైల్ మొదట్లో నీ ప్రోగ్రామ్ వెర్షన్ నంబర్ కూడా రాసుకో తల్లీ. క్లాస్‌లో కొత్త ఫీల్డ్ చేర్చిన మర్నాడు పాత ఫైల్ తెరిస్తే ఆ ఫీల్డ్ ఉండదు. అది తెరిచే రోజున తెలిస్తే ఫర్వాలేదు, నాలుగు గంటలు నడిచాక తెలిస్తే కష్టం.


మెట్రోమోడల్:

పెద్దాయన గారికి పాదాభివందనాలు. కూకట్‌పల్లి_కోడర్ గారికీ, తమ్ముడికీ చాలా థాంక్స్. శని, ఆదివారాలు రెండూ దీని మీదే కూర్చున్నాను.

క్యూలో, ప్లాట్‌ఫామ్‌లలో, రైళ్లలో ఇప్పుడు నంబర్లే ఉన్నాయి. సెట్లన్నీ పోయాయి. ముందు ఒకే సీడ్‌తో రెండుసార్లు తిన్నగా నడిపాను, పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా ఒక్క తేడా లేదు. తర్వాత అసలు పరీక్ష. 9:00 దగ్గర సేవ్ చేసి, ప్రోగ్రామ్‌ను పూర్తిగా ఆపేసి, కొత్తగా తెరిచి అక్కడి నుంచి నడిపాను. సిమ్యులేషన్‌లో ప్రతి నిమిషానికీ ప్రపంచం మొత్తానికి ఒక చెక్‌సమ్ (మొత్తం స్థితి నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య) రాయించుకున్నాను, ఎక్కడ విడిపోతే ఆ నిమిషం దొరుకుతుందని.

9:01కే విడిపోయింది. మీరు అడిగిన నంపై సంగతే. నడక వేగాలు దాని జనరేటర్ నుంచే తీస్తున్నాను, దాని స్థితి దాచలేదు. అది కూడా చేర్చాను. ఇక లాగ్ ఫైల్‌లో 9:00 నుంచి 9:20 దాకా వరసలు రెండేసిసార్లు వచ్చాయి. ముందు రన్ 9:20 దాకా రాసేసి ఉంది, రీస్టోర్ అయినది దాని కిందే మళ్లీ రాసింది. ఇప్పుడు సేవ్ చేసిన క్షణానికి లాగ్ ఎంత పొడవుందో కూడా దాస్తున్నాను. రీస్టోర్ కాగానే లాగ్‌ను అక్కడికి కోసేసి మొదలుపెడుతున్నాను.

రాండమ్‌ను కూడా విడదీశాను. ప్రయాణికుల రాకకు ఒకటి, నడక వేగానికి ఒకటి, తలుపు ఎంచుకోవడానికి ఒకటి. ఎందుకంటే నా ప్రాజెక్ట్‌లో అసలు ప్రశ్న రద్దీ మధ్యలో ఒక ఎస్కలేటర్ ఆగిపోతే ఏమవుతుందన్నది. ఇదివరకు ఒక్కో ప్రయోగానికీ పొద్దున ఆరు నుంచి నడపాల్సి వచ్చేది. ఇప్పుడు 8:45 స్థితిని ఒక్కసారి దాచి, అక్కడి నుంచి ఎస్కలేటర్ నడుస్తూ ఒకటి, ఆగిపోయి ఒకటి నడుపుతున్నాను. అదే జనం, అదే నిమిషానికి వచ్చే అవే కొత్త ప్రయాణికులు. తేడా వస్తే అది ఎస్కలేటర్ వల్లేనని గైడ్‌కి ధైర్యంగా చెప్పగలను. కరెంటు భయంతో మొదలుపెట్టిన పని ఇంతగా ఉపయోగపడుతుందని అనుకోలేదు.

నిన్న రాత్రి పదకొండున్నరకి చివరిసారి రెండు లాగ్‌లనూ పోల్చి చూశాను. తిన్నగా నడిచినది, 9:00 దగ్గర తెగి మళ్లీ మొదలైనది. ఫైళ్ల తేడాలు చూపే డిఫ్ ఏమీ చూపించలేదు, ఖాళీ స్క్రీన్. నమ్మకం కుదరక రెండింటిలోనూ 18442ని వెతికాను. రెండింటిలోనూ 9:02:37కి మూడో కోచ్, రెండో తలుపు దగ్గర రాయదుర్గం రైలెక్కాడు. ఆ తర్వాత ప్లాట్‌ఫామ్ మీద ఎక్కడా లేడు.